ఆవు తేన్పులో పోయేది మా మేత డబ్బే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో లోపలి పేజీలో ఒక మూలన చిన్న వార్త వేశారు. ఆవులు వదిలే గ్యాస్ వల్ల భూమి వేడెక్కుతోందని, డెన్మార్క్‌లో 2030 నుంచి దాని మీద రైతుల దగ్గర పన్ను కూడా వసూలు చేయబోతున్నారని. తెల్లారి ఆరు గంటలకు మా పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించి వరసలో నిలబడ్డవాళ్లలో ఒకాయన దాన్ని గట్టిగా చదివితే అందరం పడీపడీ నవ్వాం. ‘ఇంక మన ఆవుల తోకల కింద కూడా మీటర్లు బిగిస్తారు, కరెంటు బిల్లు మాదిరి నెలనెలా కట్టుకోవాల’ అన్నాడు ఒకడు. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆ మాటే ఆదివారం ఇంటికొచ్చిన మా అక్క కొడుకుతో అన్నాను. వాడు తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాడు నవ్వలేదు. ‘తోక కింద కాదు మామా, మీటరు పెట్టాలంటే మూతి దగ్గర పెట్టాల. నూటికి తొంభై పాళ్లకు పైనే తేన్పుల్లో పోతుంది. అయినా అది భూమి సంగతి తర్వాత, ముందు నీ జేబు సంగతి’ అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతే కత్తిరించుకోండి, కానీ యూరియా గడ్డి గురించి రాసింది మాత్రం కత్తిరించొద్దు.

మాది బంగారుపాళెం పక్కన పల్లె. నాలుగు పాడావులు, ఒక పెయ్య, రెండు దూడలు. మామిడి తోట డబ్బు ఏడాదికోసారి, అదీ ఫ్యాక్టరీల వాళ్లు ఆ ఏడు ఏ ధర చెబితే అది. పదిహేను రోజులకోసారి వచ్చి ఇల్లు నడిపేది పాల బిల్లే. కాబట్టి ఆవును తిడితే మాకు కోపం వస్తుంది, అది సహజం. కానీ తిట్టు వేరు, లెక్క వేరు.

లెక్క ఇదీ. ఆవుకు పొట్టలో నాలుగు గదులు. మొదటి గది ఒక పెద్ద పులియబెట్టే తొట్టి, పెద్ద ఆవుకైతే నూరు లీటర్ల పైనే పడుతుంది. మనం వేసిన గడ్డిని నిజానికి ఆవు అరిగించుకోదు, ఆ తొట్టిలో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు అరిగిస్తాయి. దోసె పిండి పులిసినప్పుడు బుడగలు వచ్చినట్టు అక్కడా గ్యాస్ పుడుతుంది. అందులో హైడ్రోజన్ పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది, కాబట్టి ఇంకో జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ని తీసుకుని మీథేన్ అనే గ్యాస్‌గా మార్చేస్తాయి, ఆవు దాన్ని తేన్చి బయట పడేస్తుంది. అంటే తేన్పు ఆవు చేసే తప్పు కాదు, దాని ప్రాణానికి అవసరం. తేన్పు ఆగిన ఆవు ఎట్లా ఎడమ పక్క డప్పులా ఉబ్బి కింద పడుతుందో మా ఊళ్లో చూడనివాడు లేడు.

కాకపోతే ఆ మీథేన్ ఊరికే పుట్టిన గాలి కాదు. వంటింట్లో మంట పెట్టగల గ్యాస్ అది, అంటే అందులో శక్తి ఉంది, ఆ శక్తి మనం కొని వేసిన మేతలోదే. ఆవు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇట్లా గాల్లో కలిసిపోతుందని శాస్త్రవేత్తల లెక్క. మంచి మేత పెడితే తక్కువ పోతుంది, ఎండు గడ్డి మీదే నడిపితే ఎక్కువ పోతుంది. నేను ఒక ఆవు మీద రోజుకు రెండు వందల యాభై ఖర్చు పెడుతున్నాననుకోండి, వందకు ఏడు పోయినా రోజుకు పదిహేడు రూపాయలు, నాలుగు ఆవులకు నెలకు రెండు వేల పైమాట. మేతలో ప్రతి రూపాయీ శక్తికే పెట్టింది కాదు కాబట్టి ఇది మోటు లెక్కే, మా వాడు కూడా అదే అన్నాడు. అయినా మోటు లెక్కకే నాకు నిద్ర పట్టలేదు.

భూమి సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బండ్ల పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు పైనే ఉండిపోతుంది. మీథేన్ సుమారు పన్నెండేళ్లలో చాలావరకు కరిగిపోతుంది, కానీ ఉన్నన్నాళ్లూ కాల్చేస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే దాదాపు 80 రెట్లు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా దేశాలు 2030 నాటికి మీథేన్‌ని 30 శాతం తగ్గిస్తామని సంతకాలు పెడితే మన దేశం పెట్టలేదు. నాకైతే అది తప్పనిపించలేదు. 2019 పశుగణనలో మన దగ్గర 19 కోట్ల ఆవులూ ఎద్దులూ, దాదాపు 11 కోట్ల గేదెలు. వాటిలో ఎక్కువ భాగం రెండు మూడు తలకాయలున్న మాలాంటి వాళ్ల కొట్టాల్లోవి, వాటి మీద పన్ను వేస్తే కట్టేదెవరు? న్యూజిలాండ్ వాళ్లు కూడా తేన్పుల పన్ను అని మొదలుపెట్టి రైతులు రోడ్డెక్కాక 2024లో వదిలేసుకున్నారు. అయితే సంతకం పెట్టలేదు కదా అని మనకు లాభం వచ్చే పని కూడా మానుకోవాలా, నా ప్రశ్న అదే.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తట్టదు, నాకూ తట్టలేదు. పాలిచ్చే ఆవు రోజుకు సుమారు 200 లీటర్ల మీథేన్ వదులుతుందంటారు. అది నాలుగు లీటర్లు ఇచ్చేదైతే లీటరు పాలకు 50 లీటర్ల గ్యాస్ పడ్డట్టు. పది లీటర్లు ఇచ్చే ఆవు కొంచెం ఎక్కువ తింటుంది, ఎక్కువ తేన్చుతుంది, 250 అనుకుందాం, అయినా లీటరుకు 25కే వచ్చేసింది. మరి వట్టిపోయి, చూడి నిలవక, ఆరు నెలలు ఊరికే మేస్తున్న ఆవు? దానికి గ్యాస్ ఉంది, పాలు సున్నా. నా దగ్గర ఒక హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవు, అంటే విదేశీ హోల్‌స్టీన్ జాతితో కలిసిన సంకర ఆవు, పద్నాలుగు నెలలు అట్లా తినింది. నాలుగు సార్లు చూడి సూది వేయించాను, నిలవలేదు. జాతకం బాగాలేదేమో అని మా ఆవిడ కాణిపాకం వెళ్లి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చింది. చివరికి తేలిందేమంటే అది ఏళ్ల తరబడి వట్టి వరిగడ్డి, తవుడు మీదే బతికింది, ఖనిజ లవణ మిశ్రమం అనేది ఎప్పుడూ గాట్లో పడలేదు. రోజుకు యాభై గ్రాములు, అంటే ఒక పిడికెడు, కుడితిలో కలిపి మూడు నెలలు పెట్టాక ఎదకొచ్చింది, నిలిచింది. కొబ్బరికాయ వల్లనా పిడికెడు పొడి వల్లనా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది, అది వేరే సంగతి.

ఇక వరిగడ్డి. మన జిల్లాలో కరువొస్తే దిక్కు అదే, కరువు లేకపోయినా వామిలో ఉండేది అదే. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లు, మిగతాది బండ పీచు. అది ఆ తొట్టిలో పులిసే కొద్దీ మీథేనే ఎక్కువ పుడుతుంది, పాలు రావు. దాన్ని యూరియాతో మాగబెట్టే పద్ధతి పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది, మా ఊళ్లో మాత్రం నేను చేసేదాకా ఎవరూ చేయలేదు. నేను చేసింది చేసినట్టు చెబుతాను. నూరు కిలోల ఎండు వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి. నేల మీద టార్పాలిన్ పరిచి గడ్డిని జానెడు మందాన పొర వేయడం, ఆ నీళ్లు పూలకుండీలకు పోసే డబ్బాతో చల్లడం, ఎక్కి కాళ్లతో తొక్కడం, మళ్లీ పొర. గాలి చొరకుండా పైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచుల మీద మట్టి, రాళ్లు. మూడు వారాలు ముట్టకూడదు. ఇరవై ఒకటో రోజు పట్టా ఎత్తితే అమ్మోనియా ఘాటు ముక్కులోకి కాదు, నేరుగా కళ్లలోకి కొడుతుంది. గడ్డి పసుపు రంగు పోయి లేత బెల్లం రంగులోకి వచ్చి, చేత్తో నలిపితే మెత్తగా ఉంటుంది. ఆ పూటకు కావాల్సినంత తీసి గంటసేపు ఆరబోశాకే వేయాలి. మొదటి రెండు రోజులు మా ఆవులు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి, ఒకటైతే నా వైపు అదోలా చూసింది. బెల్లం నీళ్లు చిలకరిస్తే ఒప్పుకున్నాయి. చిత్తూరు బెల్లం కదా, ఎవరొద్దంటారు. వారం తిరిగేసరికి మామూలు గడ్డి వదిలేసి దాని కోసమే అరిచాయి.

ఇప్పుడు జాగ్రత్త కూడా వినండి, దీనికి వెనకాడేవాళ్ల భయంలో అర్థం ఉంది. మా పక్కింటాయన పొలానికని బకెట్‌లో యూరియా కలిపి గట్టు మీద పెట్టి మందు డబ్బా కోసం ఇంటికి పోయాడు. ఆవు తాడు తెంపుకుని వచ్చి ఆ నీళ్లు తాగేసింది. అరగంటలో వణుకు, నోట్లో నురుగు, పొట్ట ఉబ్బరం. డాక్టరుకు ఫోన్ చేసి ఆయన బండి మీద వచ్చేలోపే అయిపోయింది. ఎనభై వేల ఆవు. కాబట్టి యూరియాను నీళ్లలో కలిపి తాగించడం, దాణాలో చల్లడం ఎవడు చెప్పినా చేయొద్దు. మాగిన గడ్డి వేరు, పచ్చి యూరియా వేరు. ఆరు నెలల లోపు దూడలకు మాగిన గడ్డి కూడా వద్దు, నెమరు సరిగా కుదరని పొట్ట అది.

ఒక్క ఎండుగడ్డితోనే అయిపోదు. సూపర్ నేపియర్ అనే పచ్చగడ్డి ఇప్పుడు అందరూ వేస్తున్నారు, సంతోషమే. కానీ కొందరు దాన్ని చెరుకు తోట మాదిరి రెండు నిలువుల ఎత్తు పెంచి పక్క రైతుకు చూపించి మురిసిపోతారు. ముదిరిపోయిన నేపియర్ అంటే పచ్చ రంగు వేసిన వరిగడ్డే. నలభై, నలభై అయిదు రోజులకు కోసేయాలి, కోసి చాఫ్ కట్టర్‌లో, అంటే గడ్డి ముక్కలు చేసే మిషన్లో, కొట్టి వేయాలి. దాంతో పాటు కాయజాతి పచ్చి మేత కావాలి, అలసంద, పిల్లిపెసర, నీళ్లుంటే లూసర్న్. నీళ్లు లేనివాళ్లకు గట్ల మీద అవిశ చెట్లు చాలు, కొమ్మ విరిచి వేసుకోవచ్చు. చెనక్కాయ కట్టె, అంటే కాయలు కోసేశాక మిగిలే వేరుశనగ ఎండు చెట్టు, మన ఎండు మేతల్లో రాజు, అందులో వరిగడ్డి కంటే రెండింతల పైనే మాంసకృత్తులు ఉంటాయి, కానీ సీజన్లో లారీల వాళ్లు వచ్చి నాలుగు డబ్బులు చూపిస్తే అమ్మేసుకుని, ఎండాకాలంలో వరిగడ్డి మోపులు కొంటున్నాం. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. గానుగ చెనక్కాయ చెక్కలో కొద్దిగా నూనె మిగిలి ఉంటుంది, ఆ నూనె కూడా పొట్టలో మీథేన్‌ని కొంత అణుస్తుందట. అట్లాగని నూనె పోసేస్తే పీచు అరగడం ఆగిపోతుంది, మితం తప్పకూడదు. బూజు పట్టిన చెక్క మాత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టొద్దు. ఆ విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే.

పొడుల సంగతి. ఈమధ్య ఒకాయన నీట్‌గా టక్ చేసుకుని మా పాలకేంద్రానికి వచ్చి రంగు రంగుల ప్యాకెట్ చూపించి, ఇది వేస్తే గ్యాస్ సగానికి సగం తగ్గి పాలు రెండు లీటర్లు పెరుగుతాయన్నాడు. లోపల ఏముంది నాయనా అంటే ‘ఫారిన్ ఫార్ములా సార్’ అన్నాడు. ఇద్దరు కొన్నారు. పాలు పెరగలేదు, వాళ్లిద్దరి బీపీ పెరిగింది. అట్లాగని అన్నీ మోసమే అనుకోకూడదు. యూరప్‌లో 2022లో అనుమతి ఇచ్చిన 3-ఎన్‌ఓపీ అనే మందు ఉంది, ఆవుకు రోజుకు పావు చెంచా, పాడావుల్లో మీథేన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. కానీ అది రోజంతా దాణాతో కలిసి కొద్దికొద్దిగా పొట్టలోకి పోతుంటేనే పని చేస్తుంది, రెండు పూటలా దాణా పెట్టి మధ్యలో బీళ్లలో మేపుకొచ్చే మన పద్ధతికి కుదరదు. ఇంకోటి సముద్రపు ఎర్ర నాచు, ప్రయోగాల్లో 80 శాతం దాకా తగ్గించిందని చెబుతారు, అది మన గాటి దాకా ఎప్పుడొస్తుందో చూడాలి. మనకు దగ్గరిది బెంగళూరులోనే ఉంది. అక్కడి జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ వాళ్లు ‘హరిత్ ధార’ అని టానిన్లు ఎక్కువుండే మొక్కల సరుకుతో ఒక దాణా మిశ్రమం చేశారు. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్లే ప్రకటించారు. టానిన్ అంటే మనకు తెలిసిందే, చింతగింజ పొట్టులో వగరు. చింతగింజ పొట్టు మీద కూడా ఆ సంస్థలో పరిశోధనలు జరిగాయి. పుంగనూరు చింతపండు అంటే ఊరూరా పేరు, ఆ గింజల పొట్టు ఏమవుతోందో ఎప్పుడైనా ఎవరైనా ఆలోచించారా? బంగారుపాళెం నుంచి బెంగళూరుకు బస్సెక్కితే నాలుగు గంటలు. అక్కడి మిశ్రమం 2021 నుంచి వార్తల్లో కనబడుతోంది, మా దాణా అంగట్లో మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇది చదివి ‘ఇన్ని తంటాలెందుకు, నాటు ఆవులకు తిరిగి వెళ్లండి’ అనేవాళ్లు ఉంటారు. పుంగనూరు ఆవు మా గర్వం. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంటి ముంగిట మేత తిన్న ఆవు అది. చిన్న ఒళ్లు, తక్కువ తిండి, ఎండకు తట్టుకుంటుంది, పలమనేరు ఫారంలో దాన్ని కాపాడుకుంటూ వస్తున్నందుకు దండం పెట్టాలి. కానీ అది ఇచ్చే మూడు నాలుగు లీటర్లతో నా కొడుకు ఫీజు కట్టలేను, పైగా ఆ ఆవు ధర నా బండి ధర కంటే ఎక్కువ. ఉన్న క్రాస్ ఆవులకే సరిగ్గా మేత వేసి, ఏడాదికి, మహా అయితే పద్నాలుగు నెలలకు ఒక ఈత తీసుకుంటే, ఆరు ఆవుల పాలు నాలుగు ఆవులే ఇస్తాయి. రెండు ఆవుల తేన్పులు అక్కడికక్కడే తగ్గాయి, ఎవరూ పన్ను వేయక్కర్లేదు.

పేడ గురించి ఒక్క మాట. గుంతలో నీళ్లతో కుళ్లే పేడ నుంచీ మీథేన్ వస్తుంది. రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్‌కు రోజుకు యాభై కిలోల పేడ చాలు, నాలుగైదు ఆవులున్న ఇంటికి సరిపోతుంది. మా ఇంట్లో టీ కాగేది దాని మీదే. ఊళ్లో ఇదివరకు కట్టించిన వాటిలో సగం పగుళ్లిచ్చి చెత్త గుంతలయ్యాయి, రిపేరు చేసే మనిషి లేడు.

ఇప్పుడు నేను అడగదలచుకుంది. పాలకేంద్రంలో రోజుకు రెండు సార్లు నా పాలు మిషన్లో పోసి ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా గట్టి సరుకు) ఎంత అని పాయింట్లతో సహా చీటీ ఇస్తారు. పాయింట్ తగ్గితే పైసలు కోస్తారు. ఎందుకు తగ్గింది, ఏం మేపుతున్నావు అని ఇరవై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వాళ్లు పోయిన దశాబ్దంలో చాలా రాష్ట్రాల్లో సమతుల దాణా కార్యక్రమం నడిపారు. ఊళ్లోనే ఒక మనిషికి శిక్షణ ఇచ్చి, ఆవు చెవికున్న పన్నెండు అంకెల పసుపు ట్యాగు నంబరు కొట్టి, దాని బరువు, పాలు, ఇంట్లో ఉన్న మేతలు ఎక్కిస్తే, తక్కువ ఖర్చులో ఏది ఎంత వేయాలో కంప్యూటర్ చెబుతుంది. అట్లా చేసిన చోట దాణా ఖర్చు తగ్గింది, పాలు పెరిగాయి, లీటరు పాలకు మీథేన్ 13 శాతం పైనే తగ్గిందని వాళ్ల లెక్క. కొత్త మందు లేదు, ఫారిన్ ఫార్ములా లేదు, ఉన్న మేతనే సరిగ్గా పంచడం. మా ఆవుల చెవులకు కూడా ఆ పసుపు ట్యాగులు ఉన్నాయి, అవి ఇప్పటిదాకా ఇన్సూరెన్స్ ఫోటోకు తప్ప దేనికీ పనికిరాలేదు.

ప్రైవేటు డెయిరీలు, సహకార డెయిరీలు, ప్రభుత్వం, ఎవరైనా సరే, పాలకేంద్రానికి ఒక మనిషిని ఇట్లా పెట్టండి. ఖనిజ మిశ్రమం బిల్లులో పట్టుకుని ఇవ్వండి, మేము కాదనం. కేజీ పాలకు ఇంత గ్యాస్ తగ్గిందని మీరు రేపు ఎక్కడో కార్బన్ క్రెడిట్లు, అంటే గ్యాస్ తగ్గించినందుకు వచ్చే పత్రాలు, అమ్ముకుంటే అందులో మా వాటా కూడా చీటీలో కనబడాలి, ఫ్యాట్ పక్కన ఇంకో గడి వేస్తే సరిపోతుంది. వెటర్నరీ యూనివర్సిటీ పిల్లలను వేసవిలో పది రోజులు ఊళ్లకు పంపితే వాళ్లకూ చదువే, మాకూ చదువే.

మా రెండో విడత గడ్డి వచ్చే ఆదివారానికి ఇరవై ఒక్క రోజులు పూర్తవుతుంది. పొద్దున ఏడింటికి పట్టా తీస్తాను. పాలకేంద్రం దగ్గర నవ్విన వాళ్లలో నలుగురు చూడ్డానికి వస్తామన్నారు. మీ విలేకరి కూడా రావచ్చు, కాకపోతే గాలి ఏ వైపు వీస్తోందో చూసుకుని నిలబడమనండి.

ఇట్లు,
ఒక పాడి రైతు,
బంగారుపాళెం మండలం, చిత్తూరు జిల్లా